ఇంగ్లీషు ఎదిగిన తీరు వేరు, వ్యాపించిన తీరు వేరు

1582లో లండన్‌లో రిచర్డ్ మల్కాస్టర్ అనే బడిపంతులు, పిల్లలకు మాతృభాషలో చదువు ఎలా చెప్పాలో వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. అందులో దాపరికం లేకుండా ఒక మాట ఒప్పుకున్నాడు: మన ఇంగ్లీషు ఎంతో దూరం పోదు, ఈ దీవి దాటదు, ఆ మాటకొస్తే ఈ దీవిలో కూడా అంతటా లేదు. అది నిజమే. దీవికి పడమట వెల్ష్, ఉత్తరాన కొండల్లో గేలిక్, నైరుతి మూలన కార్నిష్ వినిపించేవి. సముద్రం దాటితే ఇంగ్లీషు తెలిసినవాడు దొరకడం అరుదు. ఫ్రాన్సుకో ఇటలీకో వెళ్లిన ఇంగ్లీషువాడు లాటిన్‌తోనో ఫ్రెంచితోనో నెట్టుకురావాల్సిందే.

ఈ రోజు ఇంగ్లీషు ఎంతోకొంత వచ్చినవాళ్లు ప్రపంచంలో సుమారు 150 కోట్లమంది ఉంటారని అంచనా. అందులో అది మాతృభాషగా ఉన్నవాళ్లు 40 కోట్లకు అటూ ఇటూ. అంటే ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో ఎక్కువమందికి అది అమ్మ నేర్పిన భాష కాదు.

ఇదెలా జరిగింది అని అడిగితే మన ఇళ్లలో సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది. ఇంగ్లీషు గొప్ప భాష, తేలిక భాష, సైన్సుకు పనికొచ్చే భాష, అందుకే అంతటా పాకింది అంటారు. ఈ జవాబులో రెండు వేర్వేరు కథలు చిక్కుపడి ఉన్నాయి. ఇంగ్లీషు ఎదిగిన కథ ఒకటి, వ్యాపించిన కథ ఒకటి. ఈ చిక్కు విప్పడం నాకెందుకు ముఖ్యమంటే, ఆ రెండూ ఒకటే అనుకోబట్టే మనం తెలుగు గురించి ఒక తప్పు తీర్పు చెప్పుకుంటున్నాం. వ్యాపించలేదు కాబట్టి తెలుగుకు సత్తువ లేదని.

ముందు ఎదిగిన కథ. 410 ప్రాంతంలో బ్రిటన్‌లో రోమన్ల పాలన ముగిసింది. ఆ తర్వాత, పరంపరగా చెప్పుకునే లెక్కలో 449 నుంచి, ఇప్పటి డెన్మార్కు, ఉత్తర జర్మనీ తీరాల నుంచి ఆంగిల్స్, శాక్సన్లు, జ్యూట్లు ఓడల్లో వచ్చి స్థిరపడ్డారు. ఆంగిల్స్ పేరు మీదే ఆ దేశం ఇంగ్లండ్ అయింది, ఆ భాష ఇంగ్లీషు అయింది. అది జర్మన్, డచ్ భాషలకు దగ్గరి చుట్టం. సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లకు దూరపు చుట్టం. ఈ దూరపు చుట్టరికాన్ని 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ గట్టిగా ఎత్తిచూపాడు. అది తెలిశాక అన్ని భారతీయ భాషలూ సంస్కృతం పిల్లలేనని చాలామంది అనుకున్నారు. కాదని, తెలుగు తమిళ కన్నడాలది వేరే కుటుంబమని 1816లో మద్రాసు కలెక్టరు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ చూపాడు. తెలుగునే ప్రధాన ఉదాహరణగా తీసుకుని మరీ చూపాడు.

దీనివల్ల ఒక విచిత్రం తేలుతుంది. మనం రోజూ వాడే తత్సమాల్లో కొన్ని ఇంగ్లీషు మాటలకు దాయాదులు. పాదం–ఫుట్, దంతం–టూత్, నామం–నేమ్, గోవు–కౌ. సంస్కృతంలో ‘ప’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ఫ’, ‘ద’ ఉన్నచోట ‘ట’ రావడం ఒక క్రమం. పాదం–ఫుట్ జంటలో ఆ రెండు మార్పులూ కనిపిస్తాయి. మన అచ్చ తెలుగు ‘కాలు’కు, ‘పన్ను’కు మాత్రం వాటితో ఏ సంబంధమూ లేదు.

ఆ పాత ఇంగ్లీషు ఇప్పటి ఇంగ్లీషువాళ్లకే అర్థం కాదు. దాని కట్టుబడి మాత్రం తెలుగువాళ్లకు అంత కొత్తగా ఉండదు, ఎందుకంటే దానికి విభక్తులున్నాయి. ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా, ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా చచ్చింది రావణుడే. చివరన ఉన్న ‘ణ్ణి’ ఆ సంగతి చూసుకుంటుంది. పాత ఇంగ్లీషు కూడా ఈ పనిని మాటల చివరలతో, ముందుండే ఉపపదాలతో చేయించుకునేది. ఇప్పటి ఇంగ్లీషులో పేర్లు అటూ ఇటూ మారిస్తే చంపినవాడు చచ్చినవాడవుతాడు.

ఆ చివరలు ఎందుకు రాలిపోయాయి? 793లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠాన్ని వైకింగులు, అంటే డెన్మార్కు, నార్వేల వైపు నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు, దోచారు. మొదట దోపిడీకి వచ్చినవాళ్లు తర్వాత దీవి తూర్పున, ఉత్తరాన పొలాలు దున్నుకుని స్థిరపడ్డారు, ఇంగ్లీషువాళ్లతో పెళ్లిళ్లు, బేరసారాలు చేశారు. వాళ్ల నార్స్ భాషా ఇంగ్లీషూ ఎంత దగ్గరివంటే మాటల మొదళ్లు కలిసేవి, చివరలు కలిసేవి కావు. పక్కింటివాడితో ఎద్దు బేరం చేస్తున్నప్పుడు అర్థమయ్యేది మిగులుతుంది, అడ్డొచ్చేది జారిపోతుంది. విభక్తులు పోవడానికి ఇదొక పెద్ద కారణమని చాలామంది భాషావేత్తలు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. స్కై, ఎగ్, నైఫ్, విండో, లా, హస్బెండ్ వైకింగులు ఇచ్చినవే. ఇంకా ఆశ్చర్యం, ‘దే’, ‘దెమ్’, ‘దెయిర్’ కూడా వాళ్లవే. వస్తువుల పేర్లు అరువు తెచ్చుకోవడం ప్రతి భాషా చేసే పని. సర్వనామాలు తెచ్చుకోవడం అరుదు. మనం బస్సును, సైకిలును తెచ్చుకున్నాం గానీ ‘వాళ్లు’ అన్న మాటను వదులుకోలేదు.

తర్వాత వచ్చింది అసలు దెబ్బ. 1066లో ఫ్రాన్సు తీరం నుంచి నార్మండీ దొర విలియం దండెత్తి వచ్చి హేస్టింగ్స్ దగ్గర గెలిచి రాజయ్యాడు. అక్కడి నుంచి దాదాపు 300 ఏళ్లు కొలువులో ఫ్రెంచి, చర్చిలో లాటిన్, పొలంలో ఇంగ్లీషు. 1399లో గద్దెనెక్కిన నాలుగో హెన్రీ దాకా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న రాజు ఆ దేశానికి లేడు. ప్రపంచాన్ని ఏలిన భాష అని మనం అనుకునేది తన సొంత ఇంట్లో ఇన్ని తరాలు పనివాళ్ల భాషగా బతికింది.

జడ్జి, కోర్టు, జ్యూరీ, ప్రిజన్, టాక్స్, గవర్నమెంట్, పార్లమెంట్ అన్నీ ఫ్రెంచి నుంచి వచ్చినవే. మనకిది వింతగా అనిపించకూడదు. ఫిర్యాదు, వకీలు, జప్తు, ఖైదీ, దస్తావేజు, తహసీల్దారు ఎక్కడివి? గోల్కొండ సుల్తానుల, మొగలుల, నిజాముల కచేరీల్లోంచి వచ్చిన పారశీక, అరబ్బీ మాటలు. ఎవరి చేతిలో తీర్పు ఉంటుందో కోర్టు మాటలు వాళ్లవి అవుతాయి. 1362లో కోర్టు వాదనలు ఇంగ్లీషులోనే జరగాలని అక్కడ చట్టం చేశారు. ఆ చట్టాన్ని మాత్రం ఫ్రెంచిలో రాశారు.

ఇంగ్లీషు మాటల సంపదను అర్థం చేసుకోవడానికి మన బాలవ్యాకరణం చదివినవాళ్ల దగ్గర మంచి కొలబద్ద ఉంది: తత్సమం, తద్భవం, దేశ్యం. నిప్పు, అగ్గి, అగ్ని తీసుకోండి. నిప్పు మనది. అగ్గి సంస్కృతం నుంచి ప్రాకృతం మీదుగా అరిగి వచ్చింది. అగ్ని ఉన్నదున్నట్టు దిగింది. ఇంగ్లీషులోనూ ఇంతే. ‘కింగ్లీ’ దేశ్యం. లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా అరిగి వస్తే ‘రాయల్’. అదే మాట పుస్తకాల్లోంచి నేరుగా దిగితే ‘రీగల్’. ‘ఆస్క్’ అంటే ఇంట్లో అడగడం, ‘క్వశ్చన్’ కాస్త పెద్దమనిషి తరహా, ‘ఇంటరాగేట్’ అంటే పోలీసు స్టేషను. ఒకే పనికి మూడు మెట్ల మీద మూడు మాటలుండటం ఇంగ్లీషు రచయితలకు అందివచ్చిన భాగ్యం, నిజమే. తెలుగు రచయితలకూ ఆ భాగ్యం ఉంది.

ఇక స్పెల్లింగు. మా అమ్మాయి మూడో తరగతిలో డిక్టేషన్‌లో ‘నైఫ్’ను ‘ఎన్’తో మొదలుపెట్టింది. మార్కు పోయింది. పలకని ‘కె’ ఎందుకు రాయాలని ఇంటికొచ్చి ఏడ్చింది. అది దాని తప్పు కాదు, చరిత్ర తప్పు. ఒకప్పుడు ఆ ‘కె’ను పలికేవాళ్లు, ‘క్నీఫ్’ అనేవాళ్లు. ‘నైట్’ అనే యోధుణ్ణి ‘క్నిఖ్ట్’ అనేవాళ్లు, ఇప్పుడు నోరు మెదపని ప్రతి అక్షరమూ అప్పుడు మాట్లాడేది.

1476లో విలియం క్యాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆయన ఒక సంగతి రాసి పెట్టాడు. థేమ్స్ నదిలో గాలి లేక ఓడ ఆగిపోతే కొందరు వర్తకులు ఒడ్డుకు దిగి ఒక ఇంటికి వెళ్లారు. ఒకాయన గుడ్లు కావాలని ‘ఎగ్స్’ అడిగాడు. నాకు ఫ్రెంచి రాదు అంది ఆ ఇల్లాలు. ఆయనకు కోపం వచ్చింది, ఆయనకూ ఫ్రెంచి రాదు మరి. పక్కనున్నవాడు ‘ఐరెన్’ కావాలనగానే ఆమెకు అర్థమైంది. ‘ఎగ్స్’ వైకింగుల మాట, ‘ఐరెన్’ పాత ఇంగ్లీషు మాట. ఈ రెండిట్లో నేను ఏది అచ్చు వేయాలి అని క్యాక్స్టన్ దిగులుపడ్డాడు. భాష ఇంకా కుదురుకోకముందే దాన్ని సీసపు అక్షరాల్లో పోత పోయాల్సి వచ్చినవాడి దిగులు అది.

సరిగ్గా ఆ కాలంలోనే, సుమారు 1400 నుంచి 1700 దాకా, ఇంగ్లీషులో దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి. అంతకుముందు ‘నేమ్’ను ‘నామ’ అని, ‘టైమ్’ను ‘తీమ’ అని, ‘హౌస్’ను ‘హూస్’ అని పలికేవాళ్లు. నోరు మారిపోయింది, అచ్చులో రాత మారలేదు. దానికి తోడు పండితులు చేతులు పెట్టారు. ఫ్రెంచి నుంచి ‘దెత్’ అని వచ్చిన అప్పు అనే మాటకు లాటిన్ మూలంలో ‘బి’ ఉందని గుర్తుచేసుకుని, ఎవరూ పలకని ‘బి’ని అందులో ఇరికించారు. ‘డెట్’ స్పెల్లింగు రాసే ప్రతి పిల్లాడూ ఆ పాండిత్యానికి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడు.

తెలుగుకూ ఇలాంటివి ఉండేవి. ‘వాఁడు’లోని అరసున్న ఒకప్పటి నిండు సున్నకు గుర్తు. బండి ‘ఱ’ ఒకప్పుడు ‘ర’కు వేరైన ధ్వని. పలుకు పోయాక రాతలోనూ మనం వాటిని వదిలేశాం. ఇంగ్లీషు వదల్లేదు. అందుకే ఇంగ్లీషు తేలిక భాష కాబట్టి వ్యాపించిందన్న మాట నేను నమ్మలేను. రాత విషయంలో దానికన్నా మన ఓనమాలు ఎంతో దయగలవి.

మరి సైన్సుకు పనికొచ్చే భాష అన్న మాట? 16వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో చదువుకున్నవాళ్లు, శాస్త్రాలకు ఇంగ్లీషు చాలదని, అది మోటు భాష అని అనేవాళ్లు. వెల్ష్ వైద్యుడు రాబర్ట్ రికార్డ్ ఆ మాట వినకుండా లెక్కల పుస్తకాలు ఇంగ్లీషులో రాశాడు. ఈ రోజు మనం వాడే సమానం గుర్తు, ఆ రెండు అడ్డగీతలు, ఆయన 1557లో అచ్చువేసిన పుస్తకంలోవే. లేని మాటల కోసం కొందరు లాటిన్ నుంచి గంపలకొద్దీ తెచ్చారు. ఇవి సిరాబుడ్డి మాటలు, జనం మాటలు కావని మరికొందరు మండిపడ్డారు. గ్రాంథిక, వ్యావహారిక వాదాలు విన్న మనకు ఆ కోపం బాగా తెలుసు. బైబిలును ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్‌ను 1536లో చంపేశారు. 1611లో అదే పని రాజాజ్ఞ మీద పూర్తయింది, అందులో ఆయన వాక్యాలే చాలా మిగిలాయి.

న్యూటన్ తన గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని 1687లో లాటిన్‌లో అచ్చువేశాడు. కాంతి మీద పుస్తకాన్ని 1704లో ఇంగ్లీషులో వేశాడు. మనిషి ఆయనే, మేధస్సు అదే. ఆ రెండు పుస్తకాల మధ్య ఇంగ్లీషులో కొత్తగా ఏ శక్తీ పుట్టలేదు. నూటయాభై ఏళ్లుగా పంతుళ్లు, అనువాదకులు, వైద్యులు ఆ భాషలో పని చేస్తూ పోయారు, అంతే. ఎదగడం అంటే ఇది. ఇది ఏ భాషకైనా సాధ్యం, ఎవరో ఒకరు కూర్చుని ఆ పని చేస్తే.

వ్యాపించడం పూర్తిగా వేరే సంగతి. దాన్ని ఓడలు, ఫిరంగులు, జీతాలు చేశాయి.

1600 చివరి రోజున ఈస్టిండియా కంపెనీకి రాణి పట్టా ఇచ్చింది. 1607లో అమెరికాలో జేమ్స్‌టౌన్ వెలిసింది. 1611లో, ఇంగ్లీషు బైబిలు అచ్చయిన ఏడాదే, కంపెనీ మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసు నేల సంపాదించింది. మొదట మనవాళ్లతో బేరానికి ఇంగ్లీషువాళ్లే దుబాసీల మీద ఆధారపడ్డారు. ఆ రోజుల్లోనే మన ‘పందికొక్కు’ వాళ్ల నోట్లో ‘బాండికూట్’ అయింది. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లిన ఇంగ్లీషువాళ్లు అక్కడ కనిపించిన, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని, పొట్టసంచి ఉన్న ఒక జంతువుకు ఆ పేరే తగిలించారు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో చిన్నపిల్లలకు కూడా ఆ మాట తెలుసు. తెలుగు ఏ విధంగా గొప్పదో, ఏ విధంగా తక్కువో అక్కడ ఎవరూ ఆలోచించలేదు. ఓడ అటు వెళ్లింది, మాట అందులో ఎక్కింది.

1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులను, 1800లో దత్త మండలాలను కంపెనీ చేజిక్కించుకుంది. 1835లో మెకాలే రాసిచ్చిన నివేదికతో పైచదువులకు ప్రభుత్వ డబ్బు ఇంగ్లీషు వైపు మళ్లింది. ఉద్యోగం ఏ భాషలో ఉంటే చదువు ఆ భాషలోకి పోతుంది. మన ముత్తాతలు ఇంగ్లీషు నేర్చుకున్నది కచేరీలో గుమాస్తా కొలువు కోసం. కడుపు కోసం నేర్చుకోవడంలో తప్పేమీ లేదు.

తెలంగాణలో ఇదే కథ మరోలా నడిచింది, ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం అదే. నిజాం రాజ్యంలో అధికార భాష ఉర్దూ. 1918లో హైదరాబాదులో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. అనువాదాల కోసం ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టి వందల పుస్తకాలు తెచ్చారు. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పారు. అక్కడ చదివినవాళ్లు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. 1948లో నిజాం పాలన ముగిశాక బోధన ఇంగ్లీషుకు మారింది. ఉర్దూ ఒక్క రాత్రిలో వైద్యం చెప్పడం మరిచిపోలేదు. వెనకనున్న రాజ్యం పోయింది. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి: ఆ రాజ్యంలో మిగతా ఏ భాషవాళ్లకన్నా తెలుగువాళ్లే ఎక్కువ, వాళ్లకు ఉర్దూ కూడా పరాయి చదువే.

19వ శతాబ్దం చివర కెమిస్ట్రీ చదవాలంటే జర్మన్ రావాలి, రాయబారం నడపాలంటే ఫ్రెంచి రావాలి. మొదటి ప్రపంచ యుద్ధం ఈ రెండు గోడలనూ కదిలించింది. 1919 వెర్సాయ్ ఒప్పందాన్ని ఫ్రెంచితో పాటు ఇంగ్లీషులోనూ రాశారు. యుద్ధం తర్వాత జర్మన్ శాస్త్రవేత్తలను చాలా సంఘాలు వెలివేశాయి. 1933 తర్వాత నాజీలు తమ దేశపు గొప్ప శాస్త్రవేత్తలను తామే తరిమారు, చాలామంది అమెరికా చేరారు. రెండో యుద్ధం ముగిసేసరికి డబ్బు, ప్రయోగశాలలు, కిటికీలు పగలని విశ్వవిద్యాలయాలు అమెరికాలో ఉన్నాయి. బ్రిటిషు సామ్రాజ్యం కూలుతున్న రోజుల్లోనే దాని భాషను మోయడానికి ఇంకో అగ్రరాజ్యం దొరికింది. చరిత్రలో ఇలాంటి వరస చాలా అరుదు. ఇంగ్లీషు ఇప్పుడున్న చోట ఉండటానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం. అమెరికాలో పైచేయి సాధించింది ఇంగ్లీషువాళ్లు కాక స్పెయిన్‌వాళ్లయి ఉంటే ఈ రోజు మన ఊళ్లలో స్పోకెన్ స్పానిష్ కోచింగులు ఉండేవి.

కంప్యూటర్లూ అక్కడే పెరిగాయి. కంప్యూటరు ఏ అక్షరాన్ని ఏ అంకెతో గుర్తుపట్టాలో చెప్పేది ఆస్కీ పట్టిక. 1963లో ఖరారైన ఆ పట్టికలో ఉన్నవి 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, గుర్తులకు సరిపోయాయి. ఫ్రెంచివాళ్లు అక్షరాల నెత్తిన పెట్టే గుర్తులకే చోటు లేదు, ఇక మన గుణింతాలకెక్కడిది? లోకంలోని లిపులన్నిటికీ చోటివ్వాలని 1991లో వచ్చిన యూనికోడ్ పట్టికలో తెలుగుకు చోటు దొరికింది. అంతకుముందు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, తెలుగు కంప్యూటరుకు పనికిరాదని చెప్పినవాళ్లను నేను చూశాను. పట్టికలో చోటివ్వకపోవడాన్ని భాషకున్న లోపంగా లెక్కగట్టారు.

ఇంగ్లీషు ప్రాముఖ్యాన్ని తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు. 1977లో టెనెరిఫె విమానాశ్రయంలో రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణాల్లో ఒకటి, డచ్ విమానం నుంచి కంట్రోల్ టవర్‌కు వెళ్లిన ఇంగ్లీషు మాట రెండర్థాలకు తావిచ్చేలా ఉండటం. ఆ తర్వాత ఆకాశంలో వాడే మాటలను ఇంకా కట్టుదిట్టం చేశారు. 2008 నుంచి అంతర్జాతీయ విమానాలు నడిపేవాళ్లకు తగినంత ఇంగ్లీషు వచ్చితీరాలనే నియమం అమల్లోకి వచ్చింది. లోకానికి ఒక ఉమ్మడి భాష ఉండటం ప్రాణాలు కాపాడే సంగతి. పరిశోధనలు, మందులు, చట్టాలు, పై ఉద్యోగాలు ఆ భాషలో ఉన్నంతకాలం మన పిల్లలకు దాన్ని నేర్పకపోవడం అన్యాయం. ముఖ్యంగా, డబ్బున్నవాళ్ల పిల్లలకు మాత్రమే దక్కనివ్వడం అన్యాయం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మాధ్యమానికి ఉత్తర్వు ఇచ్చినప్పుడు, 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు చాలామంది పేద తల్లిదండ్రులు ఇంగ్లీషు వైపే మాట్లాడారు. వాళ్ల మాటను భాషాద్రోహం అనడం నాకు నచ్చలేదు. వాళ్లు అడిగింది మెట్టు. కానీ ఇంగ్లీషు బాగా నేర్పడం ఒక పని, లెక్కలూ సైన్సూ అర్థం కాని భాషలో వల్లె వేయించడం ఇంకో పని. ఈ రెండో పనికి మొదటి పని పేరు పెట్టకూడదు.

2011 జనగణనలో మన దేశంలో ఇంగ్లీషును మాతృభాషగా రాసుకున్నవాళ్లు 2 లక్షల 60 వేలు. తెలుగును రాసుకున్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. ఆ కొద్దిమంది భాషను రెండోదిగా, మూడోదిగా రాసుకున్నవాళ్లు 12 కోట్లకు పైగా. కేంద్ర ప్రభుత్వ పనుల్లో ఇంగ్లీషుకు రాజ్యాంగం 15 ఏళ్ల గడువే పెట్టింది. గడువు దగ్గరపడే సరికి హిందీ ఒక్కటే రుద్దుతారన్న భయం దక్షిణాదిన రగిలి, 1963 చట్టంతో, 1965 మద్రాసు ఆందోళనలతో ఇంగ్లీషు ఉండిపోయింది. అప్పుడు దాన్ని నిలబెట్టింది ఇంగ్లీషువాళ్లు కాదు, మనమే.

ఇంతమంది వాడాక అది పూర్తిగా వాళ్ల సొత్తుగా ఎలా ఉంటుంది? ‘పోస్ట్‌పోన్’ ఉన్నప్పుడు ‘ప్రీపోన్’ ఎందుకు ఉండకూడదని మన దేశంలో ఆఫీసులు అనుకున్నాయి, వాడేశాయి. ఇంగ్లండ్‌లో ఆ మాట విని ముఖం చిట్లించినవాళ్లున్నారు. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది, భారతీయ ఇంగ్లీషు అన్న గుర్తుతో.